గుంతకల్లు చిరునామా: వెబ్ మార్గముల కూర్పుపై ఒక విమర్శ

గుంతకల్లు జంక్షనులో దిగిన ప్రయాణికుని టిక్కెట్టుమీద ఊరి పేరుకు తోడుగా మూడు ఇంగ్లీషు అక్షరములు కనబడతాయి: జి.టి.ఎల్. పక్కనున్న గుత్తికి రెండే అక్షరములు, జి.వై. ధర్మవరమునకు డి.ఎం.ఎం., అనంతపురమునకు ఏ.టి.పి. వీటిని స్టేషను సంకేతములు అంటారు. జి.టి.ఎల్. అన్న సంకేతములో ఈ స్టేషను ఏ రైల్వేవారిదో, ఏ డివిజనులోనిదో, ఏ జిల్లాలోనిదో తెలిపే గుర్తు ఒక్కటికూడ లేదు. మొదట చూచినవారికి ఇది లోపముగా తోచవచ్చును. దీనిని లోపమనుకొనే పద్ధతిలోనే నేడు అనేక సంస్థలు తమ వెబ్ చిరునామాలను కూర్చుకొంటున్నవి. ఆ కూర్పు ఎంతవరకు సరియైనదో ఇక్కడ పరీక్షించి చూతము.

ముందుగా ఈ స్టేషనుకు ఎందరు యజమానులు మారినారో గమనించండి. మదరాసునుండి బయలుదేరిన వాయవ్య మార్గము రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోనిల మీదుగా సాగి 1871లో రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసినది. అప్పుడది మదరాసు రైల్వే కంపెనీవారిది. 1908లో మదరాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చినది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడినప్పుడు అందులో చేరినది. 1956లో గుంతకల్లు డివిజను పుట్టినది. 1977 అక్టోబరు 2న ఆ డివిజనును దక్షిణ మధ్య రైల్వేకు మార్చినారు. 2019 ఫిబ్రవరి 27న విశాఖపట్నము కేంద్రముగా దక్షిణ కోస్తా రైల్వేను ప్రకటించినప్పుడు గుంటూరు, విజయవాడలతోపాటు గుంతకల్లు డివిజనుకూడ దానికే చెందునని చెప్పినారు. పరిపాలన సంగతి చూచినా అంతే. 1882వరకు ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలో భాగము. ఆ సంవత్సరము అనంతపురము జిల్లా విడిపడినది. మదరాసు రాజధానిలో ఉన్న ఊరు 1953లో ఆంధ్రరాష్ట్రములోనికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనికి వచ్చినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను తిరిగి విభజించినప్పుడు గుంతకల్లు ఒక రెవెన్యూ డివిజనుకు కేంద్రమైనది. ఇంత జరిగినా స్టేషను ఒక్క అంగుళము కదలలేదు.

స్టేషను సంకేతములో రైల్వే పేరుకూడ ఇమిడి ఉండవలెనని ఎవరైన పట్టుబట్టి ఉంటే ఏమయ్యేది? 1951లో ఒకసారి, 1977లో ఒకసారి టిక్కెట్లు, సరుకుల రశీదులు, కాలపట్టికలు అన్నిటిలోను ఆ సంకేతము దిద్దవలసి వచ్చేది. దిద్దుట మరచినచోట సరుకు దారి తప్పేది.

ఊరి పేర్లు మారిన సందర్భములలోకూడ సంకేతముల ఓర్పు చూడదగినది. విజయవాడ సంకేతము నేటికిని బి.జెడ్.ఏ.; అందులో ఉన్నది బెజవాడ. మదరాసు 1996లో చెన్నై అయినది, సెంట్రల్ స్టేషను పేరు 2019లో మరల మారినది, సంకేతము మాత్రము ఎం.ఏ.ఎస్. గానే ఉన్నది. బళ్లారికి ఇంగ్లీషు వ్రాత 2014లో మారినా బి.ఏ.వై. మారలేదు. కడప సంకేతము హెచ్.ఎక్స్.; దానిని చూచి ఊరి పేరు ఊహించుట ఎవరికిని సాధ్యము కాదు, అయినను దానితో ఏ రైలూ ఆగిపోలేదు. ఇందుకు భిన్నముగా బొంబాయిలోని విక్టోరియా టెర్మినస్ పేరు మారినప్పుడెల్ల సంకేతమునుకూడ మార్చినారు: వి.టి. పోయి సి.ఎస్.టి.ఎం. వచ్చినది, 2017లో పేరుకు మరియొక మాట చేరగా అది సి.ఎస్.ఎం.టి. అయినది. గౌరవము కొరకు చేసిన మార్పును తప్పుపట్టవలసిన పని లేదు. కాని పేరు వేరు, సంకేతము వేరు అన్న భేదమును అక్కడ పాటించలేదు.

ఇక వెబ్ చిరునామా మాట. అది రెండు భాగములుగా ఉంటుంది. మొదటిది డొమైను పేరు, అనగా పత్రము ఏ సంస్థకు చెందిన కంప్యూటరులో ఉన్నదో చెప్పేది. రెండవది మార్గము, అనగా ఆ కంప్యూటరులో ఆ పత్రమును ఎక్కడ వెదకవలెనో చెప్పేది. విద్యార్థులు గమనించదగిన వింత ఒకటున్నది. డొమైను పేరులో పెద్దది కుడివైపు ఉంటుంది: ముందు శాఖ, తరువాత సంస్థ, తరువాత ప్రభుత్వము, చివర దేశము. మన పోస్టు చిరునామాకూడ ఇంతే. మనిషి పేరుతో మొదలై వీధి, ఊరు, జిల్లా అని పెరుగుతుంది. మార్గములో ఇది తారుమారై, పెద్దది ఎడమవైపు వస్తుంది. గీత గీత దాటినకొలది చిన్నదానిలోనికి దిగుతాము. ఒకే పంక్తిలో సగము దూరము ఎక్కి, అక్కడినుండి దిగినట్లు ఉంటుంది. డొమైను పేర్ల పద్ధతి 1983లో రూపొందినది. వెబ్ చిరునామాకు నియమములు 1994లో ప్రకటింపబడినవి. ఆ నియమములలో మార్గము సంస్థ శాఖలను పోలి ఉండవలెనన్న మాట ఎక్కడా లేదు. అది వాడుకలో వచ్చిన అలవాటు.

ఆ అలవాటు బలముగా కనిపించేది పెద్ద కార్యాలయములు వాడే సహకార వేదికలలో. ఒక సంస్థ ఉద్యోగులందరు తమ ఫైళ్లు, పట్టికలు, ప్రకటనలు ఒకేచోట ఉంచి కలిసి పనిచేయుటకు ఏర్పడినవి ఈ వేదికలు. మైక్రోసాఫ్ట్‌వారి షేర్‌పాయింట్ వీటిలో ప్రసిద్ధమైనది, 2001లో వెలువడినది. ఇందులో ప్రతి బృందమునకు ఒక సైటు, ప్రతి సైటుకు ఒక చిరునామా. సైటులోపల ఉపసైటు, దానిలోపల మరియొక ఉపసైటు, ఇట్లా ఎంత లోతుకైన పోవచ్చును. ఆఫీసరు గది గోడమీద వ్రేలాడే శాఖల చెట్టు బొమ్మను చూచి దానినే కంప్యూటరులోనికి దింపుట చాలామందికి సహజముగా తోచినది.

దీని ఫలితమును ఊహించుటకు ఒక రైల్వే డివిజను కార్యాలయమును తీసుకొందము. ఇది కేవలము ఉదాహరణ. వంతెనల తనిఖీ పత్రములను ఆ కార్యాలయము ఈ మార్గములో ఉంచినదనుకొందము: జోను, గీత, డివిజను, గీత, ఇంజనీరింగు, గీత, దక్షిణ విభాగము, గీత, వంతెనలు, గీత, ఆ వంతెన సంఖ్య. చదువుటకు ఎంతో చక్కగా ఉన్నది. పత్రమెవరిదో చూడగానే తెలుస్తుంది. మూడు సంవత్సరముల తరువాత దక్షిణ విభాగమును రెండుగా చేసినారు. ఉపసైటును ఒక కొమ్మనుండి తీసి మరొక కొమ్మకు అంటించుటకు షేర్‌పాయింట్‌లో సులభమైన మార్గము లేదు. లోపలి సరుకునంతా క్రొత్త సైటుకు తరలించవలెను. తరలించిన మరుక్షణము పాత చిరునామా శూన్యమును చూపుతుంది. ఆ చిరునామాను ఉత్తరములలో వ్రాసుకొన్నవారు, మరియొక పత్రములో లింకుగా పెట్టినవారు, కంప్యూటరులో గుర్తు వేసుకొన్నవారు ఒకేసారి దారి తప్పుతారు. వంతెన అక్కడే ఉన్నది. వానలు పడిన ఏడాది నీరుకూడ దాని కిందనే పోతున్నది.

లోతైన చెట్టులో ఇంకొక ఇబ్బందియు ఉన్నది. షేర్‌పాయింట్‌లో ఫైలు పేరుతో కలిపి మార్గము 400 అక్షరములు మించరాదు. విండోస్ కంప్యూటరులో సాధారణముగా ఈ హద్దు 260. ఆరు శాఖల పేర్లు పూర్తిగా వ్రాసి, ఫైలుకు అలవాటు ప్రకారము పొడుగుపాటి పేరు పెడితే ఈ హద్దు తగులుకొనుట కష్టము కాదు. అప్పుడు గుమాస్తా ఏమి చేయును? పేర్లను కుదించును. ఇంజనీరింగు ఇం. అవుతుంది, తనిఖీ త. అవుతుంది. ఏ స్పష్టత కొరకు చెట్టు కట్టినారో ఆ స్పష్టతయే ముందు పోతుంది.

ఈ వేదికను తయారుచేసినవారే ఈ తప్పు గ్రహించినారు. 2018నుండి హబ్ సైట్లు అన్న ఏర్పాటు వచ్చినది. ఇందులో సైట్లన్నియు ఒకే వరుసలో, ఒకదానిలోపల ఒకటి కాకుండ ఉంటాయి. వాటిని కలిపి చూపుట హబ్ పని. వంతెనల సైటు నేడు ఇంజనీరింగు హబ్‌కు అనుబంధము, రేపు భద్రతా హబ్‌కు అనుబంధము కావచ్చును. దాని చిరునామా మారదు. పై పట్టీలో కనిపించే దారి మాత్రము మారుతుంది. 2019నుండి సైటు చిరునామానే మార్చుకొనే వీలుకూడ కలిగినది. పాత చిరునామాకు వచ్చినవారిని క్రొత్తదానికి పంపే దారిమళ్లింపు అక్కడ మిగులుతుంది. ఈ రెండు సంస్కరణలును మెచ్చుకోదగినవి. కాని ఆలస్యముగా వచ్చినవి. అంతకుముందు పదిహేను సంవత్సరములకు పైగా కట్టిన చెట్లు సంస్థలలో అట్లే ఉన్నవి. వాటిని చదును చేయు పని ఎవరి నెత్తిన పడునో వారికే తెలియును. పైగా ఒక సైటును ఒక హబ్‌కే అనుబంధించగలము. వంతెన ఇంజనీరింగుకు, భద్రతకు ఏకకాలములో చెందినదని చెప్పుటకు హబ్ చాలదు; పట్టికలోని నిలువు వరుసలలో వేరే గుర్తులు వ్రాయవలెను.

చెట్టు కట్టేవారికి వ్యతిరేక దిశలో పోయినవారుకూడ ఉన్నారు. గుంతకల్లు పాఠకులకు వారి పని పరిచితమే. రైల్వే జోనుల వెబ్‌సైట్లలో చాలకాలము వాడుకలో ఉన్న చిరునామాను చూడండి. డొమైను పేరులో మొదట ఎస్.సి.ఆర్. అని జోను పేరు. తరువాత పుట చూపే కార్యక్రమము పేరు. తరువాత భాషకు ఒక అంకె. చివర సున్న, ఒకటి, మూడువందల చిల్లర అంటూ కామాలతో విడదీసిన అంకెల దండ. గుంతకల్లు డివిజను పుట ఏదో, మరియొక డివిజను పుట ఏదో చిరునామా చూచి చెప్పుట అసాధ్యము. అంకెలైతేనేమి, మారకుండ ఉంటే చాలును కదా అనవచ్చును. చిక్కంతా అక్కడనే ఉన్నది. ఆ దండలోని అంకెలు పుట ఎదుట ఉన్న జాబితా వరుసను, దాని తల్లి జాబితాను, దాని తల్లిని సూచిస్తాయి. అంటే ఇదికూడ చెట్టే. పేర్లకు బదులు అంకెలు వేసిన చెట్టు. చదువుటకు వీలులేదు, జాబితా కూర్పు మారితే నిలుచుటకు వీలులేదు. రెండు పద్ధతులలోని దోషములు కలిసి వచ్చినవి, గుణము ఒకటియు రాలేదు. కడప సంకేతమైన హెచ్.ఎక్స్.కూడ చదువుటకు అర్థము లేనిదే. కాని అది దేనిని అనుకరించదు, కనుక దేనితోను మారదు. అర్థము లేని చిరునామాలలోకూడ మంచి చెడ్డలున్నవని ఈ రెంటి పోలికవలన తేలుతున్నది.

ఉపాధ్యాయులకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ వారి బడి సంఖ్యయే. యుడైస్ సంఖ్యలో 11 అంకెలుంటాయి: రాష్ట్రమునకు రెండు, జిల్లాకు రెండు, మండలమునకు రెండు, గ్రామమునకు మూడు, ఆ గ్రామములో బడికి రెండు. ఆంధ్రప్రదేశ్ అంకెలు 28. 2014లో తెలంగాణము ఏర్పడినది; అక్కడి బడులకు నేడు 36. బడి గోడలు అవే, నల్లబల్ల అదే, మొదటి రెండంకెలు మాత్రము వేరు. పాత సంఖ్యతో ఉన్న లెక్కలను క్రొత్త సంఖ్యతో ఉన్న లెక్కలకు జతపరచుటకు మధ్య ఒక పట్టిక కావలెను. దీనికి పక్కన పోస్టు పిన్ సంఖ్యను పెట్టి చూడండి. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్యయందుకూడ అంచెలున్నవి. గుంతకల్లు 515801. మొదటి మూడంకెలైన 515 అనంతపురము తపాలా విభజన జిల్లాను తెలుపుతుంది. 2022లో ధర్మవరము, కదిరి, హిందూపురము, పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి. అయినను వాటి పిన్ సంఖ్యలు 515తోనే మొదలవుతున్నవి. కారణము సులభము. పిన్ సంఖ్య అనుసరించినది కలెక్టరుగారి సరిహద్దును కాదు, ఉత్తరముల సంచి ప్రయాణము చేసే దారిని. అంచెలు ఉండుట తప్పు కాదన్నమాట. ఏ అంచెలు త్వరగా మారుతవో వాటిని ఎక్కించుట తప్పు.

జిల్లా విభజన సంగతి వచ్చినది కనుక ఈ మెట్ట సీమకు ప్రాణమైన ఒక లెక్కను చెప్పవలెను. అనంతపురము ప్రాంతములో సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడి భూగోళ పాఠములో వానల పట్టికకు ఉన్న విలువ కోస్తా జిల్లాల పిల్లలకు తెలియదు. వేరుశెనగ ఎప్పుడు వేసినారు, ఏ ఏడు ఎండినది, చెరువు ఎన్నిసార్లు నిండినది అని పిల్లలు ఇంటివద్ద అడిగి తెలుసుకొని వచ్చి వానల పట్టికతో సరిచూచుకొనగలరు. ఇందుకు ఒకే మండలమునకు ముప్పది నలువది సంవత్సరముల వరుస కావలెను. ధర్మవరము మండలపు లెక్కను జిల్లా పేరు క్రింద ఒక మార్గములో ఉంచినారనుకొందము. 2022 ఏప్రిల్‌వరకు లెక్క ఒక జిల్లా చిరునామాలో, ఆ తరువాతి లెక్క మరొక జిల్లా చిరునామాలో పడుతుంది. మేఘమునకు జిల్లా తెలియదు. వరుస మాత్రము నడుమ తెగుతుంది. అదే లెక్కను మండలము పేరు మీదనో, వానకొలత కేంద్రము పేరు మీదనో ఉంచి, అది నేడు ఏ జిల్లాలో ఉన్నదో పక్క గడిలో వ్రాస్తే, గడి మార్చితే చాలును. ఉపాధ్యాయుడు పాఠపు నోటుబుక్కులో ఒకసారి వ్రాసుకొన్న చిరునామా పది సంవత్సరముల తరువాతి తరగతికికూడ పనికివస్తుంది. చిరునామా తెగుట కంప్యూటరు నిపుణులకు మరమ్మతు పని కావచ్చును. గ్రంథాలయము దూరమైన పల్లెటూరి బడికి అది పాఠము తెగుట.

ఈ భేదము గ్రంథాలయములలో ఎప్పుడో తేలినది. బడి లైబ్రరీలో ప్రతి పుస్తకమునకు రెండు గుర్తులుంటాయి. ఒకటి చేర్పు సంఖ్య; పుస్తకము వచ్చిన వరుసలో రిజిస్టరులో వేసినది, ఎన్నటికిని మారనిది, అర్థము లేనిది. రెండవది వర్గ సంఖ్య. పుస్తకము ఏ విషయమునకు చెందినదో చెప్పి, ఏ బీరువాలో ఉండవలెనో నిర్ణయించేది. పుస్తకమును భౌతిక శాస్త్రమునుండి ఖగోళమునకు మార్చినప్పుడు వర్గ సంఖ్యను కొట్టివేసి మరల వ్రాస్తారు, చేర్పు సంఖ్యను ముట్టుకోరు. వెబ్ మార్గములలో చెట్టు కట్టేవారు చేస్తున్నదేమనగా, వర్గ సంఖ్యనే చేర్పు సంఖ్యగా వాడుట. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయములో పనిచేసిన రంగనాథన్‌గారు 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణ ఇంకను ముందుకు పోయినది. ఒక పుస్తకమునకు ఒకటే కొమ్మ ఉండదు. విషయము, పదార్థము, క్రియ, స్థలము, కాలము అని పలు ముఖములుంటాయి, వాటిని వేరువేరుగా గుర్తించవలెనని ఆయన చెప్పినారు. నేటి సహకార వేదికలలో ఫైలుకు పక్కన ఉండే నిలువు వరుసలు ఈ ముఖములే. వంతెన సంఖ్య, తనిఖీ సంవత్సరము, శాఖ, ఇంజనీరు హోదా ఒక్కొక్క వరుసలో ఉంటే, ఎవరికి కావలసిన కొమ్మను వారు ఆ క్షణమున కట్టుకొని చూడవచ్చును. కొమ్మను చిరునామాలో బిగించవలసిన పని లేదు.

తెలుగు వికీపీడియా ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అక్కడ గుంతకల్లు వ్యాసము చిరునామాలో సైటు పేరు తరువాత ఊరి పేరు ఒక్కటే ఉంటుంది. జిల్లా, పట్టణములు, రైల్వే స్టేషనులు వంటి వర్గములు వ్యాసము అడుగున వేరుగా వ్రాసి ఉంటాయి. వ్యాసము పేరు మార్చినా పాత పేరునుండి దారిమళ్లింపు మిగులుతుంది.

అయితే అక్కడ మరియొక చిక్కు కనబడుతుంది. అది మన లిపికి సంబంధించినది. వెబ్ మార్గములో తెలుగు అక్షరములు ఉన్నవి ఉన్నట్లు ప్రయాణము చేయవు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావలెను. ఒక్కొక్క బైటును ఒక శాతము గుర్తు, రెండు అంకెలు లేక అక్షరములు కలిపి వ్రాస్తారు. గ అన్న ఒక్క అక్షరము ఇ0, బి0, 97 అన్న మూడు ముక్కలై, శాతము గుర్తులతో తొమ్మిది స్థానములను ఆక్రమిస్తుంది. గుంతకల్లు అన్న మాటలో గ, ఉత్వము, సున్న, త, క, ల, పొల్లు, ల, ఉత్వము అని తొమ్మిది గుర్తులున్నవి. తొమ్మిది తొమ్ముల 81 స్థానములు. ఇంగ్లీషు లిపిలో ఊరి పేరు 8 అక్షరములు. బ్రౌజరులో చక్కని తెలుగుగా కనబడిన చిరునామాను ఉత్తరములోనికి ఎత్తి వేయగానే శాతము గుర్తుల దండుగా మారుట చాలామంది చూచియే ఉంటారు. షేర్‌పాయింట్ 400 అక్షరముల హద్దును విప్పిన రూపములోనే లెక్కిస్తుంది, అది మేలే. అయినను ఆ దండును కాగితముమీద వ్రాయుట, ఫోనులో చెప్పుట సాధ్యము కాదు.

ఇందుకని తెలుగును చిరునామాలనుండి తరిమివేయవలెనని కొందరు అంటారు. అప్పుడు వ్రాతల తగవు వస్తుంది. అనంతపురము అన్న మాటను ఇంగ్లీషులో త ఒత్తుతోనా, ఒత్తు లేకుండనా, చివర ము ఉంచియా, తీసివేసియా? నేటి జిల్లా వెబ్‌సైటు పేరులో ఒత్తును ఉన్నది, ముకారమును ఉన్నది. రైల్వేవారి పాత వ్రాతలో రెండును లేవు. ఊహించి వ్రాసేవాడు నాలుగింటిలో మూడుసార్లు తప్పుతాడు. దీనికి తెలుగును తరుముట మందు కాదు. చిన్న సంకేతము చిరునామాకు, నిండు తెలుగు పేరు శీర్షికకు అని పని పంచితే రెండును బ్రతుకుతాయి. స్టేషను పలకమీద తెలుగులో గుంతకల్లు అని పెద్దగా వ్రాసి, టిక్కెట్టుమీద జి.టి.ఎల్. వేయుట ఇదే పంపకము.

చదునైన చిరునామాల పక్షము వహించినవారు ఒప్పుకోవలసిన లోపములు లేకపోలేదు. చెట్టులో వంతెనలు అన్న పేరు ప్రతి డివిజనుకు ఒకటి ఉండవచ్చును. వరుస ఒకటే అయినప్పుడు ఆ పేరు మొదట అడిగినవారికే దక్కుతుంది. రెండవవారు వంతెనలు 2 అని, మూడవవారు క్రొత్త వంతెనలు అని పెట్టుకొంటారు. ఐదు సంవత్సరములు గడిచిన తరువాత క్రొత్తది ఏదో పాతది ఏదో తెలియదు. రెండువేల సైట్లు ఒకే వరుసలో నిలిస్తే కాపలా లేని సంతవలె ఉంటుంది. కనుక చదును చేసినవారు పేర్లకు ఒక రిజిస్టరు పెట్టవలెను, పేరు ఇచ్చే అధికారము ఒకచోట ఉండవలెను. స్టేషను సంకేతములు నిలిచినది వాటి మహిమవలన కాదు. ఒక సంకేతమును రెండు స్టేషనులకు ఇవ్వని క్రమశిక్షణవలన. ఉపసైట్లలో అనుమతులు తల్లినుండి పిల్లకు వాటంతట అవే వచ్చేవి. చదునైన కూర్పులో ఏ సైటుకు ఆ సైటుకు ఎవరు చూడవచ్చునో నిర్ణయించవలెను. ఇది పని పెంచుతుంది. ఆ పని చేయుటకు ఇష్టము లేక చెట్టును సమర్థించేవారు, తమ సౌకర్యమును శాస్త్రమని చెప్పకుండ ఉంటే మంచిది.

మార్గమును ఎంత జాగ్రత్తగా కూర్చినా తీరని సమస్య ఒకటి మిగులుతుంది. అది డొమైను పేరు. దక్షిణ మధ్య రైల్వే సైటులో గుంతకల్లు డివిజను పుటలు ఎస్.సి.ఆర్. అన్న పేరు క్రింద వెలువడినవి. డివిజను దక్షిణ కోస్తా రైల్వేకు చెందినదగుటతో ఆ మొదటి మూడక్షరములు తప్పులవుతాయి. మార్గము చదునైనదైనా చెట్టైనా ఇక్కడ భేదము లేదు. అన్నియు ఒక్కసారే మారవలసినవే. వెబ్‌ను కనుగొన్న టిమ్ బర్నర్స్ లీ 1998లోనే మంచి చిరునామా మారరాదని వాదిస్తూ ఒక వ్యాసము వ్రాసినారు. చిరునామాలో ఏమి వదలివేయవలెనో ఆలోచించుటయే అందులోని ముఖ్యమైన సలహా. ఆ సలహాను ఇక్కడ పాటిస్తే వదలివేయవలసినది జోను పేరునే. డివిజనుల పుటలు జోను పేరు క్రింద కాక భారత రైల్వేల పేరు క్రింద నేరుగా డివిజను సంకేతముతో ఉండి ఉంటే, 2019 ప్రకటనవలన ఒక్క అక్షరముకూడ కదిలేది కాదు.

అట్లా లేదు కనుక మిగిలినది దారిమళ్లింపు. పాత చిరునామాకు వచ్చినవానిని క్రొత్తదానికి పంపే పలకను ఎవరు నిలబెట్టవలెను? దానిని నిలబెట్టగలిగినది పాత జోను ఒక్కటే, ఎందుకనగా పాత పేరు దాని చేతిలో ఉన్నది. దానివలన లాభము పొందేది క్రొత్త జోను, అక్కడి ప్రయాణికులు. ఒకరి పని మరొకరి లాభమైనచోట ఆ పని మొదటి ఏడాది తరువాత మరపునకు వస్తుంది. జోనులు విడిపడునప్పుడు ఇంజనులు, పెట్టెలు, సిబ్బంది, భూములు ఎవరికెన్ని అని పట్టికలు వ్రాస్తారు. ఆ పట్టికలలో పాత వెబ్ చిరునామాల జాబితాకూడ ఒకటి చేర్చి, వాటి మళ్లింపును ఎన్ని సంవత్సరములు, ఎవరి ఖర్చున నడుపవలెనో అక్కడనే తేల్చవలసి ఉన్నది.